జానెడు తక్కువైన వైరు

నీళ్లంటే లారీలో వచ్చేవని నమ్మిన రోజులవి. కోవిల్‌పట్టిలో మా వీధికి ఆ లారీ పది రోజులకొకసారి వచ్చేది. వచ్చే పూట మాకంటే ముందే మా బిందెలు వీధిలో వరుస కట్టి నిలబడి ఉండేవి. ఏరులూ కాలువలూ పాఠాల్లో చదివాం గానీ, ఎవరూ మోయకుండా నీళ్లు వాటంతటవే కదులుతాయంటే మాలో చాలామందికి నమ్మబుద్ధి అయ్యేది కాదు. అలాంటి ఊళ్లో పుట్టిన నేను ఈ రోజు కాకినాడ వైపు ఒక రేవులో, పడవలకు ఒడ్డు మీంచి కరెంటు ఇచ్చే చోట, ఎవరికీ షాకు కొట్టకుండా చూసుకునే ఉద్యోగం చేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లు ఈ పని ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్ అని అడుగుతారు. కోవిల్‌పట్టిలో అంటాను. వెంటనే ఫోన్లో మ్యాపు తీసి, ఆ ఊరి చుట్టుపక్కల సముద్రం ఎక్కడుందా అని వెతుకుతారు. (వెతకనీ. మేమూ చాలా రోజులు అలాగే వెతికాం.)

ఇంకో సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. మాది ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఎప్పుడో నల్లరేగడి చూసి అక్కడే ఆగిపోయినవాళ్ల సంతతి మేము. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. ఈ అక్షరాలు నేను ముప్పై దాటాక, ఇక్కడికి వచ్చాక, రేవు కాపలాదారు కూతురి ఒకటో తరగతి వాచకం అడిగి తెచ్చుకుని దిద్దుకున్నవి. ఇక్కడివాళ్లకు నా మాట మహా వేడుక. "మా ముత్తవ్వ ఇలాగే మాట్లాడేదండీ" అని ఒక పెద్దమనిషి నన్ను మెచ్చుకున్నాడు. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. మొదట్లో సిగ్గుపడి మాట మార్చుకున్నాను. ఇప్పుడు ఆ మాట నాతో మాట్లాడేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయాక, ఎవరు నవ్వినా సరే, ఒక్క పూట నోరారా మాట్లాడుకుంటే బాగుండుననిపిస్తుంది. ముఖ్యంగా మా సిన్నాయనతో.

సిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. ఎట్టయాపురం రోడ్డు పక్కన ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. బావుల దగ్గర మోటార్లకు స్టార్టరు పెట్టెలూ, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకు స్విచ్చిబోర్డులూ అక్కడ తయారయ్యేవి. చెవి మీద పెన్సిలు, భుజం మీద తువ్వాలు, మాటల్లోనూ వైరులోనూ గొప్ప పొదుపు, ఇదీ మా సిన్నాయన. పని అయ్యాక వైరు ముక్క మిగిలిందంటే ఆయనకు అన్నం సయించేది కాదు. "మిగిలిందా, కొలిచేది తెలీదని అర్తం" అనేవాడు. ఆయన పని చేసి వెళ్లిన ఇంట్లో మేకపిల్లను కట్టేద్దామన్నా మూరెడు వైరు దొరకదని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. ఆ షెడ్డులో రేకు పెట్టెలు వెల్డింగు చేసే మనిషిని మేము విరుదునగర్ అన్న అనేవాళ్లం. రోజూ పొద్దున్నే విరుదునగర్ నుంచి బస్సులో వచ్చేవాడు. వాళ్లదీ ఇంట్లో తెలుగే. ఒకసారి చర్చివాళ్ల బస్సులో వేళాంకణ్ణి వెళ్లి, మోకాళ్ల దాకా సముద్రంలో దిగి వచ్చాడు. అందుచేత మా షెడ్డులో సముద్రానికి సంబంధించిన ఏ సందేహం వచ్చినా ఆయనదే ఆఖరి మాట.

ఇక నేను. విరుదునగర్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, తరగతి మొత్తంలో ఒక్కగానొక్క ఆడపిల్లనని ఊరంతా చెప్పుకునేలా చేసి, తీరా షెడ్డులో చేరాక పది నెలల పాటు పెట్టెల మీద చీటీలు అంటించాను. ఆన్, ఆఫ్, అపాయం. (అపాయం చీటీ మీద పుర్రె బొమ్మ వంకర పోకుండా అంటించడంలో నన్ను మించినవాళ్లు లేరు. ఇప్పటికీ లేరు.) పనిముట్ల సంచి పట్టుకుని బయటి పనికి వెళ్తానంటే, ఆడపిల్లవు, స్తంభాలెక్కే పని, ఎందుకులే అని ఇంట్లో తలా ఒక మాట. మా నాన్నకు బస్టాండు దగ్గర కడలమిఠాయి అంగడి ఉండేది. వేరుశెనగ పాకం బిళ్లలు కాగితంలో చుట్టి ఇవ్వడానికి నమ్మకమైన మనిషి కావాలని ఆయన ఏడాదిగా అంటూ, చివరికి నాకోసం మెత్త కుట్టించిన ఒక స్టూలు కూడా తెచ్చి పెట్టాడు. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ ఆ స్టూలంటే నాకు భయం. దాని మీద ఒకసారి కూర్చుంటే జీవితాంతం లేవనని తెలిసిపోయింది.

అలాంటి రోజుల్లో తూత్తుక్కుడి అవతల ఒక చిన్న రేవులో బోట్లు నడిపే ఓనరు ఒకాయన మా షెడ్డుకు వచ్చాడు. ఆయన బోట్లు గట్టున కట్టేసి ఉన్నప్పుడు ఐసు పెట్టెకూ, బ్యాటరీలకూ, దీపాలకూ కరెంటు కోసం డీజిలు ఇంజనే తిప్పాల్సి వచ్చేదట. పొగా, చప్పుడూ. గట్టు మీద ఒక కంబం, అంటే స్తంభం, పాతి, అందులోంచి బోటుకు వైరు ఇస్తే ఆ బాధ ఉండదని ఎవరో చెప్పారట. ముందు ఒకటి చేసి పెట్టండి, బాగుంటే ఇంకో ఐదు అన్నాడు. సముద్రం పక్కన ఉన్న ఊళ్లన్నీ వదిలేసి ఆయన మా ఎండుభూమికి ఎందుకొచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన వెళ్లాక సిన్నాయన చాలాసేపు పెన్సిలుతో చెవి గోక్కుని, నన్ను పిలిచాడు.

"ఈ కంబం నీది తాయీ" అన్నాడు. "రెండు దినాలు కడలు పక్కన కొరత లేకుండా నిలిచిందంటే, అప్పరం సంచి ఎత్తుకొని నువ్వు యాడికి పొయ్యేదీ నేను అడగను, ఎవురినీ అడగనియ్యను. నిలవలేదా, మీ నాయన అంగట్లో స్టూలు కాలీగా ఉండాది."

మరునాడే నేనూ సిన్నాయనా విరుదునగర్ బస్సెక్కాం. తడికి తట్టుకునే సాకెట్లు, మూతలున్న ప్లగ్గులు, కరెంటు దారి తప్పి బయటికి కారితే తనంతట తానే పడిపోయే స్విచ్చి ఒకటి (దాన్ని మేము ట్రిప్పరు అనేవాళ్లం) కొన్నాం. సాకెట్టు పెట్టెలో ఒక చిన్న పుస్తకం ఉంది. బస్టాండు దగ్గర హోటల్లో సిన్నాయన నూనె పరోటా తింటూ ఉంటే నేను పరోటా చల్లారబెట్టి ఆ పుస్తకం చదివాను. బోటు గట్టుకు చేరగానే ముందు కంబం మీద మీట దించి ఉందో లేదో చూడాలి. తర్వాత వైరు కొనను బోటుకు తగిలించాలి. రెండో కొనను కంబానికి తగిలించాలి. ఆఖరికి మీట ఎత్తాలి. తీసేటప్పుడు మీట దించి, ముందు కంబం వైపు కొన, తర్వాత బోటు వైపు కొన. ఎందుకంటే, కరెంటున్న కొన చేతిలో పట్టుకుని మనిషి బోటు మీద తూలకూడదు, ఆ కొన నీళ్లలో పడకూడదు. వైరు ఎక్కడా నీళ్లకు తగిలేలా వేలాడకూడదు. ఈ ఆఖరి మాట కింద నేను రెండు గీతలు గీశాను. ఆ రెండు గీతలే నా కొంప ముంచాయి.

కంబం తయారయ్యాక దాన్ని ఎలా వాడాలో మేము అలవాటు చేసుకోవాలి కదా. బోటు లేదు. పక్కింటివాళ్ల ఎద్దులబండి ఉంది. దాన్ని షెడ్డు ముందుకు తోసుకొచ్చి నిలబెట్టాం. సముద్రం ఎక్కడ మొదలవుతుందో విరుదునగర్ అన్న సుద్దముక్కతో నేల మీద గీత గీసి చూపించాడు. అలలు కూడా వేస్తానన్నాడు గానీ సిన్నాయన వద్దన్నాడు. సిన్నాయన తువ్వాలు తలకు చుట్టుకుని బండి మీద కూర్చుని బోటు డ్రైవరయ్యేవాడు, అన్న బండి నొగ పట్టుకుని ఊపుతూ సముద్రమయ్యేవాడు, నేను వైరు పట్టుకుని ఇంజనీరునయ్యేదాన్ని. మా అవ్వ, అంటే నాన్నకూ సిన్నాయనకూ అమ్మ, షెడ్డు అరుగు మీదే కూర్చుని వేరుశెనగలు ఒలుచుకుంటూ ఉండేది. కంబం సరిగ్గా ఆమె చేతికందే దూరంలో ఉండటంతో మీట ఎత్తే పనీ దించే పనీ ఆమెకు అప్పజెప్పాం. నెల రోజుల పాటు, రోజుకు పదిసార్లు, నేను దించు అనగానే అవ్వ మీట దించేది, ఎత్తు అనగానే ఎత్తేది. మధ్యలో సముద్రం దాటుకుంటూ కోళ్లు వచ్చేవి. తేలే బండికి కరెంటు ఏమిటికి అని అవ్వ ఒక్కసారి మాత్రం అడిగింది. ఐసు పెట్టెకు అన్నాం. చేపలు నీళ్లలోనే ఉంటాయి కదా, పట్టి మళ్లీ చల్లబెట్టేదేమిటి అని తనలో తాను గొణుక్కుని ఊరుకుంది.

ట్రిప్పరు పరీక్షకు ఎద్దులు తాగే తొట్టిలో నాలుగు బిందెల నీళ్లు పోసి, రెండు పడి ఉప్పు కలిపి, అందులోకి కరెంటు వైరు దించాం. టక్కుమని పడిపోయింది. మళ్లీ ఎత్తి, మళ్లీ దించాం. మళ్లీ పడింది. మేము ముగ్గురం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. ఆ నీళ్లు ఏ పనికీ రాకుండా పోయినందుకు అవ్వ మూడు రోజులు మాతో మాట్లాడలేదు. (లారీ నీళ్లు. ఆమె కోపంలో న్యాయం ఉంది.)

ఆఖరికి వైరు కోసే రోజు వచ్చింది. ఓనరు చెప్పిన లెక్క ప్రకారం కంబం ఎక్కడ, గట్టు అంచు ఎక్కడ, బోటు సాకెట్టు ఎక్కడ, అన్నీ బండి మీద గుర్తులు పెట్టుకుని సిన్నాయన కొలిచాడు. కొలిచి, కత్తెర పెట్టబోయి, ఆగి, ఒక జానెడు ముందుకు జరిపి అక్కడ గీత పెట్టాడు. నేను నా కళ్లను నమ్మలేదు. "మర్యాదకు ఒక జాన ఉండనీ తాయీ. తెలీని చోటు" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన వైరు మిగులుస్తున్నాడు. అప్పుడు నేనేం చేశానంటే, పుస్తకం తెచ్చి, రెండు గీతలు గీసిన చోటు చూపించి, ఆ జానెడు ఉంటే వైరు వేలాడి నీళ్లకు తగులుతుంది, అపాయం అని అరవంలో చదివి వినిపించాను. కావాలంటే పుర్రె బొమ్మ కూడా అంటిస్తానన్నాను. ఆయన ఒకసారి నా మొహం చూసి, జానెడు వెనక్కి వచ్చి, కోసేశాడు. కంబం నుంచి బండి దాకా ఆ వైరు వంపు లేకుండా, సాగదీసి అల్లిన జడలా నిలిచింది. నాకెంత గర్వమంటే, ఆ సాయంత్రం దానికి ఫోన్లో ఫోటో తీసుకున్నాను.

రేవుకు బయల్దేరే రోజు తెల్లారేసరికి వ్యానులో కంబం, పారలు, పెరుగన్నం మూటలు, మేము ముగ్గురం, మాతో పాటు అవ్వ. డెబ్బై దాటిన మనిషి, కడలు చూసిందే లేదు, ఈ కండ్లతో ఒకసారి చూస్తే చాలునంది. రేవు చేరాం. వ్యాను దిగగానే అది కనిపించింది. అంత నీరు. ఎవరూ మోసుకొచ్చినది కాదు, ఎవరూ వరుసలో నిలబడలేదు. కానీ ఇంజనీరు సముద్రాన్ని కళ్లప్పగించి చూస్తే ఓనరు ఏమనుకుంటాడోనని, రోజూ చూసేదేలే అన్నట్టు మొహం పెట్టుకుని సంచి విప్పాను. అవ్వ మాత్రం గట్టు మీద చతికిలబడి, నోరు తెరుచుకుని, చేతులు రెండూ జోడించింది. విరుదునగర్ అన్న, వేళాంకణ్ణిది ఇంతకంటే పెద్దదని మాకందరికీ చెప్పాడు.

ఎర్తు కడ్డీ దించడానికి మా ఊళ్లో గడ్డపారా, రెండు తిట్లూ కావాలి. అక్కడ వెన్నలో వేలు పెట్టినట్టు దిగిపోయింది. అది చూసి సిన్నాయన నేలను మెచ్చుకున్నాడు. కంబం పాతాం. బోటు గట్టుకు సమంగా, మా బండి షెడ్డు ముందు నిలబడ్డట్టే నిలబడి ఉంది. మీట దించి ఉందని చూశాను, బోటు కొన తగిలించాను, కంబం కొన తగిలించాను, మీట ఎత్తాను. బోటులో దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది, ఐసు పెట్టె గురక పెట్టింది. వైరు సరిగ్గా సరిపోయింది. వేలు దూర్చేంత వంపు కూడా లేదు. ఓనరు కాఫీ తెప్పించాడు. సిన్నాయన కాఫీ తాగుతూ కూడా వైరు మీంచి చూపు తిప్పలేదు. నేను ఆ కాఫీ తాగుతున్నంతసేపూ స్టూలు మీద మెత్త ఇక ఎవరికి పనికొస్తుందా అని ఆలోచించాను.

మధ్యాహ్నం వలల పాకలో కూర్చుని పెరుగన్నం విప్పాం. అవ్వకు ఆకలి లేదంది, గట్టు మీదే, కంబానికి ఆనుకుని కూర్చుని ఉంది. మేము రెండో ముద్ద తినేసరికి ఆమె గొంతు వినిపించింది.

"ఏ పిల్లా, నీ పడవ కిందికి పోతా ఉండాది."

మేము నవ్వాం. విరుదునగర్ అన్న, మొదటిసారి సముద్రం చూసినవాళ్లకు కళ్లు అలాగే తిరుగుతాయనీ, వేళాంకణ్ణిలో తనకూ అట్లే అయిందనీ వివరించాడు. కాసేపటికి అవ్వ మళ్లీ అదే మాట అంది. నేను, సరే అవ్వా, తినేసి వస్తాం అన్నాను. చంద్రుడు సముద్రాన్ని లాగుతాడనీ, నీళ్లు పెరుగుతాయి తరుగుతాయనీ ఎనిమిదో తరగతిలో రాసి ఐదుకు ఐదు మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. ఆ లాగుడు నా వైరు దాకా వస్తుందని మాత్రం ఏ మాస్టరూ చెప్పలేదు. మా ఊళ్లో ఏ బావిలోనైనా నీళ్లు దిగాయంటే వేసవి దాకా దిగుతూనే పోతాయి. ఒక్క పూటలో మోకాలెత్తు దిగి, మళ్లీ సాయంత్రానికి ఎక్కే నీళ్లు ఎక్కడైనా ఉంటాయని మాకు తట్టలేదు. మా బండి నెల రోజుల్లో ఒక్కసారి కూడా కిందికి పోలేదు కదా.

ఇంతలో గట్టు వైపు ఫట్ మని చప్పుడు. ముద్దలు వదిలేసి పరిగెత్తాం. బోటు గట్టుకు మోకాలెత్తు కిందికి దిగిపోయి ఉంది. వైరు బిగిసి బిగిసి, బోటు వైపు కొన ఊడి, గట్టుకీ బోటుకీ మధ్య నీళ్లలో మునిగి ఉంది. దానికి రెండు బారల దూరంలో, నీళ్లు తగ్గాయి కదా అని నడుము లోతులో దిగి, బోటు అడుగున పట్టిన గుల్లలు గీకుతూ ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఓనరు బావమరిది. ఆ మనిషి తలెత్తి మా వంక చూసి, అంతమందిమి అలా ఎందుకు పరిగెత్తుకొచ్చామో అర్థం కాక, గీకడం మానేసి నమస్కారం పెట్టాడు.

కంబం మీద మీట దించి ఉంది. అవ్వ దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది.

"బండి పల్లానికి జారేటప్పుడు ఎద్దుల్ని ఇప్పేది లేదా?" అంది. "రెండు తూరి చెప్తిని. మీరు తింటాండారు. నేను దించేసినా."

ఆమె దించకపోయినా ట్రిప్పరు పడిపోయేదే, ఉప్పు తొట్టిలో అన్నిసార్లు పడింది కదా అని ఆ తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. పడిపోయేదే. కానీ నమ్మకం మీద మనిషిని నీళ్లలో నిలబెట్టకూడదు. పుస్తకంలో లేని ఈ ఒక్క మాట నేను ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పుడు మా రేవులో బోటుకు కరెంటు ఉండగా ఎవరినీ నీళ్లలో కాలు పెట్టనివ్వను. దానికి నన్ను అందరూ గయ్యాళి అంటారు. అననీ.

చప్పుడు విని వచ్చిన ఓనరు ముందు పడీపడీ నవ్వాడు. నీళ్లు దిగుతాయని మీకు తెలియదా, ఏ ఊరయ్యా మీది అని అడిగి, కోవిల్‌పట్టి అనగానే ఇంకా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో నీళ్లలో ఉన్న బావమరిదిని చూశాడు. నవ్వు ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. కంబం మంచిదే, ఉండనీ. వైరు రెండింతలు పెట్టండి. మిగతా ఐదూ చేసి తెండి. కానీ ఈ వైరు ఇంత కురచగా కోసిన మనిషి ఎవరో, ఆ మనిషి ఇంక నా గట్టు మీద కాలు పెట్టకూడదు. ఎవరు కోశారు?

నేను నోరు తెరిచాను. తెరిచానని ఇప్పటికీ నా నమ్మకం. కానీ ఆ ఒక్క క్షణంలో నాకు ఆ స్టూలు కనిపించింది, దాని మీద మెత్త కనిపించింది, మాట గొంతులోనే ఉండిపోయింది. ఈలోగా సిన్నాయన తలకున్న తువ్వాలు తీసి భుజం మీద వేసుకుని ముందుకొచ్చాడు. అరవంలోనే అన్నాడు గానీ నాకు అది మా ఇంటి మాటలోనే గుర్తుంది.

"కొలత నాది. కోసింది నేను. ఒక జాన విడవమని ఆ పిల్ల చెప్పనే చెప్పింది. నేను వినలేదు."

విరుదునగర్ అన్న ఏదో అనబోతే సిన్నాయన అతని కాలు తొక్కాడు. అంతే, ఆ సంగతి అక్కడ తీర్మానమైపోయింది. తిరుగు దారిలో వ్యానులో అవ్వ నిద్రపోయింది. ఎట్టయాపురం దాటాక నేను ఉండబట్టలేక, ఎందుకట్లా చెప్పినావు సిన్నాయనా, జానెడు పెట్టిందే నువ్వు గదా అన్నాను. ఆ జానెడు ఉన్నా వైరు ఊడేదేననీ, కాకపోతే ఇంకో అరగంట ఆలస్యంగా ఊడేదనీ ముందు లెక్క చెప్పాడు. తర్వాత కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

"నువ్వు ఇంకా పొయ్యేది ఉండాది తాయీ. నేను చూసేసినా గదా, కడలు."

ఆ తర్వాత ఐదు కంబాలూ నేనే తీసుకెళ్లి పాతాను. రెండు దినాల షరతు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ స్టూలు మీద మా నాన్న తానే కూర్చున్నాడు, మెత్త ఆయనకు బాగా కుదిరింది. వైరుకు రెండింతలు పొడుగు పెట్టి, వంపు నీళ్లకు తగలకుండా కొక్కేలకు వేలాడదీశాను. సంచి భుజాన వేసుకుని రేవులో బస్సు దిగుతుంటే నాకు ఊరంతా నన్నే చూస్తున్నట్టుండేది. (ఎవరూ చూసేవాళ్లు కాదు. చేపల వేలం వేళ.) తిరిగి వచ్చేసరికి సిన్నాయన షెడ్డు గుమ్మంలో నిలబడి ఉండేవాడు. పని అయిందా అని అడిగేవాడు కాదు. "ఈ దినం ఎంత దిగె?" అనేవాడు. రెండు జానలు, మూర, మోకాలెత్తు అని నేను కొలత చెప్పేదాన్ని. ఎంతసేపట్లో మళ్లీ ఎక్కిందని అడిగేవాడు. అది కూడా గంటల్లో, నిమిషాల్లో చెప్పేదాన్ని. ఆయన ఇంకా ఏదైనా చెబుతానేమోనని కాసేపు ఆగి, చెవి మీద పెన్సిలు సర్దుకుని లోపలికి వెళ్లేవాడు. ఆ నీటి రంగు సాయంత్రం ఎలా మారుతుందో, దాని చప్పుడు రాత్రి ఒంట్లో ఎలా ఉండిపోతుందో, నేను ఒక్కసారైనా చెప్పలేదు. ఆయన అడిగినది వైరు గురించే అనుకున్నాను.

అవ్వ పోయింది, షెడ్డు మూసేశారు, విరుదునగర్ అన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. నాలుగేళ్ల క్రితం సిన్నాయన కూడా పోయాడు. పదకొండో రోజు ఇంట్లో అందరూ ఆయన పొదుపు గురించి చెప్పుకుని నవ్వుతుంటే, నాకు ఉన్నట్టుండి రేవులో ఆ మొదటి రోజు గుర్తొచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన ఎక్కడెక్కడ నిలబడ్డాడో ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాను. కంబం దగ్గర. ఎర్తు గుంట దగ్గర. కాఫీ తాగుతూ వైరు దగ్గర. పాకలో, గట్టుకు వీపు పెట్టి. ఎంత వెతికినా ఆయన సముద్రం వైపు తిరిగి నిలబడ్డ క్షణం ఒక్కటి కూడా నాకు దొరకలేదు. చూసేసినా గదా అన్నాడు. ఆయన చూసింది నా వైరును.

ఓనరు రానివ్వనన్నది తన గట్టుకే. సముద్రానికి ఎన్ని గట్లు లేవు! పని లేని చోటికి పొయ్యేదేమిటికి అనే మనిషి ఆయన, తనంతట తాను ఎప్పటికీ వెళ్లడు. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని బస్సెక్కించాలి. కోవిల్‌పట్టి నుంచి గంటన్నర. మా నాన్న అంగడి ముందే ఆగుతుంది ఆ బస్సు. ఒక్క ఆదివారం చాలు. నాకు తోచలేదు. ఆ రోజుల్లో నేను చాలా తీరిక లేని ఇంజనీరును మరి.